సులైబిఖాత్ బురదలో గోడలు కట్టే చేపలు

మా వాణికి నాలుగేళ్లు. ఈ గల్ఫ్ దేశంలో, ఖైతాన్ పేటలో మేముండే మూడో అంతస్తు దిగితే అన్నీ వర్క్‌షాపులు, వెనక్కి వచ్చే కార్లు. ఆ భయంతో నేను దాన్ని కిందికి దింపను. "బిడ్డ మట్టి తొక్కకుండా నాలుగు గోడల మధ్య పెరుగుతాంది. జూన్‌లో సెలవుకు పోయినప్పుడు రాజంపేటలో మా అమ్మ దగ్గర వదిలి వద్దాం" అని మావారు అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బీఎస్సీలో బొమ్మగా మాత్రమే చూసిన మడ్‌స్కిప్పర్, అంటే బురద మీద నడిచే చేప, సులైబిఖాత్ తీరంలో ఉంటుందని విన్నాను. వాణి మట్టి తొక్కినట్టూ ఉంటుందని, సెలవు రోజు శుక్రవారం పోదామని నేనే అన్నాను.

మార్చి నెల, ఎండ ఇంకా ముదరలేదు. ఏడింటికి బయలుదేరాం. సంచిలో కాచిన నీళ్లు, పులిహోర, రెండు గౌన్లు, తడి తువ్వాలు, దెబ్బల మందు.

"ఇల్లు ఖాళీ చేస్తాండామా మే?" అన్నారు మావారు.

ఒక బస్సులో సిటీ దాకా పోయి, అక్కడ దిగి జహ్రా వైపు పోయే బస్సు ఎక్కాం. టికెట్టు నూరు ఫిల్సులు, పాపకు అడగలేదు. పక్క సీట్లో జగిత్యాల మనిషి, అమ్ఘరా తుక్కు యార్డులో పనట.

"ఏడికి పోతుండ్రక్కా?"

"చేపలు చూడ్డానికి."

"చేపల కోసం గింత దూరమా! సూక్ బజార్ల కుప్పలు పోసి ఉంటయ్ గద!" అని నవ్వి, మేం దిగేటప్పుడు మాత్రం, "నీళ్లు మళ్ల తిరిగొస్తయ్. పిల్ల పైలం" అన్నాడు.

సముద్రం చాలా దూరం వెనక్కి వెళ్లింది. ఆ చివర గులాబీ గీతలా ఫ్లెమింగో పక్షులు. మా ముందంతా మెరిసే బురద. తండ్రి చంక దిగనంది వాణి. "ఛీ, మురికి. అమ్మ తిడుతుంది."

మావారు నా వైపు చూశారు.

అప్పుడు బురదలోంచి రెండు కళ్లు లేచాయి, కప్ప కళ్లలా. వెనకే చేప వచ్చింది, రెక్కలను మోచేతుల్లా ఆనించుకుంటూ. తన నీటిగుంట చుట్టూ అది బురద గోడ కట్టుకుంది. పక్కనే ఇంకో గోడ, ఇంకో చేప. ఒకటి హద్దు దాటగానే రెండోది వీపు మీది రెక్క విప్పి, నోరు తెరిచి తరిమింది. ఉన్నట్టుండి ఒక చేప గాల్లోకి ఎగిరింది.

వాణి జారి దిగింది. రెండడుగులకే ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. నేను నోరు తెరిచాను.

"అరవగాకు. చూడు" అన్నారు మావారు.

"అమ్మా, దానికి కూడా గోడలున్నాయి! బయటికొచ్చి ఆడుకొని మళ్లీ ఇంట్లోకి పోయింది!"

నేనూ చెప్పులు విడిచి దిగాను. చల్లని బురద వేళ్ల మధ్య నుంచి పైకొచ్చింది. నీళ్లు దగ్గరవుతున్నాయని నేనే ముందు చూశాను, కానీ తొందర పెట్టకుండా చెయ్యి పట్టుకుని గట్టుకు నడిపించాను. ఎవరైనా వెళ్తే సముద్రం వెనక్కి తగ్గే వేళ కనుక్కుని వెళ్లండి. చెప్పుల మీద ఆశ పెట్టుకోకండి.

తిరుగు బస్సులో వాణి నా ఒళ్లో నిద్రపోయింది.

"జూన్‌లో ముగ్గురికీ రిటర్న్ టికెట్లు తీయండి" అన్నాను.

"రోజూ కిందికి దింపుతావా?"

"చెయ్యి పట్టుకుని దింపుతా."

ఆయన నవ్వి, వాణి ఒంటి చెప్పును తన జేబులో పెట్టుకున్నారు. పాప కాళ్ల మీది బురద ఎండి తెల్లబడుతోంది. తడి తువ్వాలు సంచిలోనే ఉంది. నేను తీయలేదు.