చెరకు కింద కాలువ

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి మా మామకు, అంటే మా అమ్మ తమ్ముడికి, బాగా తెలుసు. అందుకే ఆ రోజు మజ్జిగ చేతికిచ్చి మరీ మెల్లగా అడిగాడు.

"అది గీయొద్దు మ్మా."

తిరువళ్ళూరులో మ్యాపులు తయారుచేసే ఆఫీసులో నా ఉద్యోగం. విమానం నుంచి తీసిన రెండేసి ఫొటోలను ప్రత్యేకమైన కళ్ళద్దాలతో చూస్తే నేల గుట్టలతో, గుంటలతో సహా పైకి లేచి కనబడుతుంది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీతలు గీయాలి. ఆ వారం నా వంతుకు తిరుత్తణి దగ్గర మా అమ్మ పుట్టిన ఊరు వచ్చింది. పైనుంచి చూస్తే మామ చేను అంతా పచ్చటి చెరకే. కానీ ప్రతి గీతా చేను మధ్యకు రాగానే ఎగువకు వంగింది. అంటే చెరకు కింద పొడవునా పల్లం ఉందన్నమాట.

చిన్నప్పుడు లంగా ఎగ్గట్టుకుని చేపపిల్లలు పట్టిన కాలువ అది. మామ దాన్ని పూడ్చి దున్నేశాడు. ఈ మ్యాపును బట్టే ఊరి దిగువన కొత్త రోడ్డుకు కట్ట పోస్తారు. మ్యాపులో కాలువను చూపే నీలం గీత ఉంటే కట్ట కింద నీళ్ళకు దారి వదులుతారు, మామ పూడ్చింది తవ్విస్తారు. లేకపోతే కార్తీక వానలకు నీళ్ళు కట్టకు తగిలి పక్కనున్న కాలనీ ఇళ్ళలోకి ఎక్కుతాయి.

అనుమానం వస్తే గీసేవాళ్ళే పోయి చూసి తేల్చుకోవడం మా పద్ధతి. అలా వచ్చి, మామ ఇచ్చిన ఆ మజ్జిగతో చేని గట్టు మీద నిలబడ్డాను.

"ఫొటోలో తెలస్తా ఉండాదా?" అన్నాడు.

"తెలస్తా ఉండాది మామా. కాల్వాయి యాడ తిరిగేదో కూడా."

"ఇంకెవురన్నా అయితే చెరుకే అనుకోని పోయుంటారు."

ఆ గొంతులో బెదిరింపు లేదు. అందుకే భయమేసింది. వచ్చే ఆదివారం తిరుత్తణి కొండ మీద మా పాపకు చెవులు కుట్టించాలి. మేనమామ ఒడిలో కుట్టించడం మా ఆచారం. నాకు అన్నదమ్ములు లేరు. నన్ను కూర్చోబెట్టుకున్న ఈ ఒడే పాపకూ దిక్కు.

"ఆదివారం వస్తావు గదా?"

"ముందు నువ్వు ఆఫీసుకు పో మ్మా."

తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మామ మీద, నా మీద, ఆ పాడు చెరకు మీద ఒళ్ళు మండిపోయింది. నీలం గీత గీశాను. ఫోన్ చేసి చెప్పాను. మామ ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం కొండ మీద కంసాలి సూది పట్టుకుని కూర్చున్నాడు. ముహూర్తం దాటిపోతోంది. మెట్ల వైపు చూసి చూసి నా మెడ పట్టేసింది. నా భర్త "ఇంక నేనే కూర్చుంటాలే" అంటుండగా మామ ఆయాసపడుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"బిడ్డనియ్యి."

"మామా..."

"అది నీ పని, చేసినావు. ఇది నా పని."

నా మొహం మాత్రం చూడలేదు. పాప ఏడుపు అందుకునేదాకా ఆపుకుని, దాంతోపాటు నేనూ ఏడ్చాను.