అద్దాల రైలుకు హారతి

ఈ ఏడు మా ఇంటి దసరా బొమ్మల కొలువులో, కలశం కింది మెట్టు మీద నేను రైలు పెట్టాను. అట్టముక్కలతో చేసి, సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితం అతికించిన ఏడు బోగీల రైలు. మూడో బోగీ నెత్తిన దువ్వెన పెట్టె ప్లాస్టిక్ మూతతో అద్దాల గోపురం. దాన్ని చేసినప్పుడు నాకు పన్నెండేళ్ళు.

నాకు ఉబ్బసం. గాలి లేస్తే బంగారు గనుల సైనైడు దిబ్బల దుమ్ము కేజీఎఫ్ అంతా కమ్ముకునేది. నాలుగు రోజులు బడికి పోతే రెండు రోజులు ఆయాసంతో పడుకునేదాన్ని. అందుకని గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. దొరల క్లబ్బు ఖాళీ చేసినప్పుడు పారేసిన అమెరికా పత్రికల కట్ట ఒకటి ఇంటికి తెచ్చాడు. అవే నా ఇంగ్లీషు వాచకాలు. వాటి నిండా రైళ్ళ ప్రకటనలు. చేప మూతిలాంటి ఇంజను, గీతలు గీతలుగా మెరిసే ఉక్కు బోగీలు, తెల్లగుడ్డ పరిచిన భోజనాల బల్ల మీద పూలు, మంచుకొండలు చూడటానికి అద్దాల కప్పు, గుండ్రటి తోక బోగీలో సోఫాలు. ఒక రైల్లో మంగలి అంగడి కూడా ఉండేదట. ప్రతి మాటకూ నాన్న అర్థం చెప్పేవాడు. ఇప్పటికీ ఏ అక్షరం చదివినా మనసులో ఆయనకు దండం పెట్టుకుంటాను.

రైలు చేసి కొలువులో పెట్టిన ఆ దసరాకు మా మేనత్త వచ్చింది. నాన్న చెల్లెలు, బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో చదివినవాళ్ళు పరీక్ష రాయాలంటే ఫారం మీద ఆమెలాంటివాళ్ళ సంతకం కావాలి. నాన్న ఫారం నింపి, పసుపుబొట్టు పెట్టి, దేవుడి దగ్గర ఉంచాడు. తోటి టీచర్లను వెంటబెట్టుకొచ్చిన అత్తకు నేను బోగీ బోగీ చూపించాను.

"రైల్లో మంగలి అంగడా? కుదుపుకు గొంతు కోసేస్తాడే!" అంది. టీచర్లంతా నవ్వారు.

"పైన అంతా అద్దమే అత్తా. పత్రికలో ఉండాది, చూడు."

"అది గీసిన బొమ్మ. బొమ్మలో ఏనుగు కూడా ఎగురుతాది. ఏం అన్నా, బిడ్డకు చదువు నేర్పినావా, సుళ్ళు చెప్పేది నేర్పినావా?"

తన చేత్తోనే రైలును తీసి మెట్ల కిందికి తోసేసింది. దేవుళ్ళ పక్కన అట్లాంటి సుళ్ళు, అబద్ధాలు కూర్చోకూడదంది. ఫారం ముట్టుకోలేదు. "ఇట్లాంటిదానికి సంతకం పెడితే నా పేరు పోతాది." నాన్న ఫారాన్ని మడిచి పెట్టెలో పెట్టాడు. నేను ఏ పరీక్షా రాయలేదు.

రోజూ దీపం పెట్టేటప్పుడు ఊపిరికి, అన్నానికి, ఎండకు, వానకు కృతజ్ఞత చెప్పుకునేదాన్ని నేను. అయినా ఆ ఒక్కటి మరిచిపోయే బుద్ధి ఇమ్మని ఎన్నడూ అడగలేదు. కురుడుమలె గుడిలో వినాయకుడిని వేరొకటి అడిగాను. ఆ రైలు నిజమేనని ఆమె నోటితోనే అనిపించు సామీ అని.

ఆయన తొందరపడలేదు. మొన్న వానాకాలంలో అత్త మంగళూరు రైల్లో అద్దాల కప్పు బోగీ ఎక్కింది. తమక ఊళ్ళోని ఆమె ఇంటి నుంచి చుట్టాలందరి ఫోన్లకూ వీడియో వచ్చింది. "పైన అంతా అద్దమే! చెప్తే నమ్మరు మీరు!" ఆ మాట నాలుగుసార్లు విన్నాను. తర్వాత ట్రంకు పెట్టె తెరిచి, రైలుకు కొత్త వెండికాగితం అంటించాను. అత్తను దసరా పేరంటానికి పిలిచాను.

పేరంటానికి వచ్చిన ఆడమనిషి హారతి కాకుండా, తాంబూలం తీసుకోకుండా లేచిపోకూడదు. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంటి నిండా ఆడవాళ్ళు కూర్చున్నాక అత్తను కొలువుకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను.

"నువ్వు పోయిన రైలు సంగతి వీళ్ళకు చెప్పు అత్తా. పైన అద్దం ఉండాదా?"

"అంతా అద్దమే పాపా."

"కుర్చీలు?"

"చుట్టూ తిరుగుతాయి!"

"ఇదో, ఇట్లానా?" మూడో బోగీ మీద వేలు పెట్టాను.

ఆమె చూసింది. గుగ్గిళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంగ కుంకుమ పెట్టమ్మా. కారు కాచుకోనుండాది."

"ఉండు అత్తా, ఇంకా నాలుగు బోగీలుండాయి."

నాలుగూ చెప్పాను. మంగలి అంగడి దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాను. ఎదురింటామె, "ఎప్పుడు చేసినావమ్మా ఈ రైలు?" అని అడిగింది.

"అత్తనే అడగండి."

"చిన్నప్పుడు చేసింది," అంది అత్త మెల్లిగా.

"చూసినావు కదా నువ్వు? నిజమా అత్తా, సుళ్ళా?"

"నిజమే."

హారతి పళ్ళెం ఆమె చేతికే ఇచ్చాను. రైలుకు మూడుసార్లు తిప్పింది. ఆనాడు తోసిన చెయ్యే. నేను మంగళహారతి పాట ఒక్క చరణం కూడా వదలకుండా, నిదానంగా పాడాను.

ఆమెకిచ్చిన తాంబూలం సంచిలో ఆకులు, వక్క, అరటిపండ్లు, రవికగుడ్డ. అడుగున, పసుపుబొట్టు ఇంకా చెరగని ఫారం. నాన్న పోయేదాకా దాచుకున్న కాగితం. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

మూడు వారాలైంది. ప్రతి ఆదివారం ఫోను చేసి నా ఆయాసం ఎలా ఉందో అడిగే అత్త ఇంతవరకూ చేయలేదు. నేనూ చేయను. కురుడుమలెకు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఊపిరి బాగానే ఆడుతోంది.