నా ఉపన్యాసం విన్న గేదె

ఆ రోజుల్లో నాకు నా గొంతు మీద విపరీతమైన గౌరవం ఉండేది. కాకినాడలో సోషల్ వర్కు చదువు పూర్తిచేసి, పేద కుటుంబాలకి బతుకుతెరువు చూపించే ఒక చిన్న సంస్థలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. భుజాన బ్యాగు, మెడలో గుర్తింపు కార్డు, కాళ్లకి పొలంగట్టు మీద నాలుగడుగులు వేస్తే జారిపోయే బూట్లు. పల్లెల్లో పేదరికం ఇంకా మిగిలి ఉందంటే నేనింకా వెళ్లి మాట్లాడకపోవడమే కారణమని లోలోపల గట్టి నమ్మకం. అందుకని మహిళా సంఘాల సమావేశాల కోసం ఒక ఉపన్యాసం రాసుకుని కంఠతా పట్టాను. "ప్రియమైన అక్కచెల్లెళ్లారా! అభివృద్ధి అనేది ఒకరు మనకి ఇచ్చేది కాదు, మనం నిర్మించుకునేది" అని మొదలై, పొదుపు, క్రమశిక్షణ, సమావేశాలకి తప్పక రావడం, ఇలా ఊళ్లన్నీ తిరిగి ఎప్పటికో ముగిసేది. వినేవాళ్లలో ఒకావిడ బియ్యంలో రాళ్లు ఏరుకునేది, ఒకావిడ కూతురి తలలో పేలు చూసేది, మిగిలినవాళ్లు కళ్లు తెరిచే నిద్రపోయేవారు. మా పెద్దసారు ఒకసారి మొత్తం విని, "బాగుందయ్యా, మధ్యలో కాస్త ఊపిరి తీసుకో" అన్నారు. (నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.)

రావులపాలెం అవతల, కాలవగట్టు మీద గుడిసెలు వేసుకున్న కుటుంబాలు నా బాధ్యత. అందులో ఒకావిణ్ణి అందరూ ఐసక్క అనేవారు. భీమవరం వైపు రొయ్యల షెడ్డులో పని చేసేది. పొద్దున్నే వ్యాను వచ్చి గట్టు మీద హారన్ కొడితే ఎక్కి వెళ్లడం, రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తియ్యడం. భర్త పోయాడు, ఒక కూతురు. ఆ పిల్లకి జడ వేద్దామంటే ఆవిడ వేళ్లు వంగేవి కావు. మా సంస్థ ఆవిడకి ఒక పాడిగేదె ఇప్పించాలని నిర్ణయించినప్పుడు, ఆవిడ షెడ్డు పని ఆ రోజే మానేసింది. "మళ్లీ ఆ ఐసులో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలండి సార్. గేదేంటి, ఏనుగునిచ్చినా మేపుకుంటాను" అంది. అయితే సంస్థకి ఒక షరతు ఉండేది. కొన్ని వారాలు చూసి, పాలకేంద్రానికి పాలు పొయ్యలేకపోతే ఆ గేదెని వేరే కుటుంబానికి మార్చేస్తారు. ఆ షరతు నేనే ఆవిడకి చదివి వినిపించాను, తగినంత గంభీరంగా.

గేదెని కొనే పని కూడా నాకే పడింది. అప్పటిదాకా నాకు పాలంటే ప్యాకెట్టే. పక్క మండలంలో ఒక ముసలి రైతు దగ్గర మంచి ముర్రా గేదె ఉందంటే వెళ్లాను. ఈనగానే దూడ పోయిందట. "అయినా ఏం పర్లేదండీ, ఇది మనిషి మచ్చికకే చేపుతుంది" అన్నాడాయన. (పొదుగులోకి పాలు దించడాన్ని మా వైపు చేపడం అంటారు. దించకుండా బిగబట్టుకుంటే ఎగచేపింది అంటారు. ఈ రెండు మాటలూ నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.) ఆయన నా ఎదుటే బకెట్టు నిండా పాలు పితికి చూపించాడు. పితుకుతున్నంతసేపూ కోడళ్లని, కాలవలో రాని నీటిని, మోకాళ్ల నొప్పుల్ని ఒకే శ్రుతిలో సణుగుతూనే ఉన్నాడు. నేను బకెట్టు వైపు చూసినంత శ్రద్ధగా ఆయన నోటి వైపు చూడలేదు.

గేదెని చిన్న ట్రక్కులో ఎక్కించాం. ముందు సీట్లో డ్రైవరు బావమరిది అప్పటికే కూర్చుని ఉన్నాడు కాబట్టి నన్ను వెనకాల, గేదె పక్కన నిలబెట్టారు. బండి కదలగానే గేదె నా వైపు తిరిగి ఒక చూపు చూసింది. దాని కొమ్ము నా గుర్తింపు కార్డుకి బెత్తెడు దూరంలో ఉంది. దిగడానికి లేదు, అరిస్తే డ్రైవరుకి వినపడదు. ఏదో ఒకటి మాట్లాడి మంచి చేసుకుందామంటే భయంలో నోటికి వచ్చింది ఒక్కటే. "ప్రియమైన అక్కచెల్లెళ్లారా" అన్నాను. గేదె చెవి తిప్పింది. "అభివృద్ధి అనేది..." అన్నాను. అది నింపాదిగా నెమరు మొదలుపెట్టింది. ఇక ఆపితే ఏమవుతుందోనని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. రావులపాలెంలో బండి ఆగినప్పుడు అరటిగెలలు దించుతున్న కూలీలు పని ఆపి మరీ విన్నారు. గేదె మాత్రం పొదుపు దగ్గరకొచ్చేసరికి గడ్డం నా భుజం మీద ఆనించేసింది. సగం భయంతోనే అయినా, నాకూ ఒక శ్రోత దొరికిందని పొంగిపోయాను.

గట్టు మీదకి రాగానే అసలు కథ మొదలైంది. ఐసక్క పసుపు రాసి బొట్టు పెట్టి, బకెట్టు పట్టుకుని కూర్చుంది. పుట్టింట్లో గేదెలు ఉండేవి కాబట్టి పితకడం ఆవిడకి తెలుసు. అయినా చుక్క రాలేదు. మర్నాడూ రాలేదు. దాణా పెట్టినా, వేణ్ణీళ్లతో పొదుగు కడిగినా, వీపు నిమిరినా అది ఎగచేపి, కాలితో బకెట్టు తన్నేది. పశువుల డాక్టరు వచ్చి, గేదెకి ఏ జబ్బూ లేదు, బెంగ పెట్టుకుంది అని చెప్పి వెళ్లారు. ఇలాగే ఉంటే వట్టిపోతుందన్నారు. పెద్దసారు ఫోను చేసి, "ఈ వారం చూద్దాం. కాకపోతే మార్చక తప్పదు" అన్నారు. ఆ మాట ఆవిడతో చెప్పడానికి పొద్దున్నే వెళ్లాను. నేను వెళ్లేసరికి షెడ్డు వ్యాను గట్టు మీద ఆగి ఉంది. డ్రైవరు తల బయట పెట్టి, "ఏంటక్కా, వత్తావా?" అని అడిగాడు. ఆవిడ రెండు చేతులూ పైట చాటుకి లాక్కుంది. వ్యాను వెళ్లిపోయాక కూడా అలాగే దాచుకుని నిలబడింది.

ఆవిణ్ణి ఎలా ఓదార్చాలో నాకు తెలీదు. తెలిసింది ఒక్కటే కాబట్టి గేదె పక్కన నిలబడి అదే మొదలుపెట్టాను. "అక్కా, అధైర్యపడకండి. అభివృద్ధి అనేది ఒకరు మనకి ఇచ్చేది కాదు..." క్రమశిక్షణ దాకా వచ్చి, ఆవిడ ముఖం చూసి, సిగ్గేసి ఆపేశాను. అప్పుడు పక్క గుడిసె మామ్మ కేక పెట్టింది.

"ఆపకు నాయనా! వాగు, వాగు! గేదె చేపుతోంది!"

చూద్దును కదా, పొదుగు నిండి చనుమొనల నుంచి పాలు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఐసక్క బకెట్టు పట్టుకుని ఒక్క ఉరుకులో కూర్చుంది. నేను అందుకున్నాను. ఉపన్యాసం ఒకసారి అయిపోయింది, మళ్లీ మొదటినుంచి చెప్పాను. బకెట్టులో నురగ పైకి వస్తుంటే నా కంఠం కూడా పైకి లేచింది. అయ్యాక మామ్మ తీర్పు చెప్పింది. "ఆ ముసలాడి సణుగుడికి అలవాటు పడిందిరా ఇది. నీదీ అచ్చం అలాగే ఉంది." (ఇంత సూటి విమర్శ నాకు ఆ తర్వాత ఏ పైఅధికారి దగ్గరా దొరకలేదు.)

ఇక అప్పటినుంచి నా ఉద్యోగం మారిపోయింది. రోజూ పొద్దునా సాయంత్రం మోటారు సైకిలు మీద గట్టుకెళ్లి గేదెకి అభివృద్ధి బోధించి వచ్చేవాణ్ణి. (ఫోనులో రికార్డు చేసి వినిపించాం. గేదె ఫోనుని ఒకసారి నాకి, మొహం తిప్పేసుకుంది.) ఊళ్లో నాకు గేదెల పంతులుగారని పేరొచ్చింది. ఇంటి నుంచి అమ్మ ఫోను చేసి, "ఏం పని చేస్తున్నావురా అక్కడ?" అంటే, "మాట్లాడే పనేనమ్మా" అనేవాణ్ణి. పైకి విసుక్కునేవాణ్ణి గానీ, నిజం చెప్పొద్దూ, లోపల చాలా గర్వంగా ఉండేది. నేను లేకపోతే ఆ ఇంట్లో పాలు లేవు, ఆ చేతులు మళ్లీ ఐసులోకే. ఇంత ముఖ్యమైన మనిషిని నేను అంతకు ముందెప్పుడూ కాలేదు.

అలాంటి సమయంలో నన్ను శిక్షణకని కొన్నాళ్లు కాకినాడ పంపించారు. వెళ్లనని బతిమాలాను. కారణం రాసిమ్మన్నారు, ఏమని రాయను? అక్కడ ఒక్క పాఠం తలకెక్కలేదు. ఐసక్కకి ఫోను చేస్తే ఎత్తేది కాదు. ఈపాటికి గేదె వట్టిపోయి ఉంటుంది, ఆవిడ వ్యాను ఎక్కేసి ఉంటుంది అనుకుంటూ, శిక్షణ అయిన మర్నాడే తొలి బస్సు పట్టుకుని, రావులపాలెంలో ఆటో ఎక్కి తిన్నగా గట్టుకే వెళ్లాను. గుడిసె వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ప్రియమైన అక్కచెల్లెళ్లారా... అభివృద్ధంటే ఒకళ్లిచ్చేది కాదే తల్లీ... కాలు తియ్యి... క్రమశిక్షణ ఉండాలమ్మా, నీకసలు లేదు... మీటింగులకి రావాలి... ఆ సారు మీటింగు పెడితే మాత్రం అన్నం తినేసి రావాలి, తొందరగా ఒదలడు..."

మధ్యలో బకెట్టులో పాలధార చప్పుడు. నా ఉపన్యాసమే, కానీ నా నోట ఎన్నడూ ఇంత బాగా లేదు. సంతోషం పట్టలేక ముందుకొచ్చి, మూడో వాక్యం నుంచి నిండు కంఠంతో అందుకున్నాను. ధార ఆగిపోయింది. గేదె చెవులు నిక్కబొడుచుకుని నా వైపు చూసి, తోక విసిరింది. ఐసక్క వెనక్కి తిరక్కుండానే అంది.

"సార్, ఏమీ అనుకోకండి, కాస్త అలా గట్టు మీదకెళ్లండి. కొత్త మనిషి గొంతు వింటే ఎగచేపేత్తాది."

కొత్త మనిషిని కాబట్టి గట్టు ఎక్కి నిలబడ్డాను. అదే సమయానికి షెడ్డు వ్యాను వచ్చి ఆగింది, హారన్ మోగింది. వెనక నుంచి ఐసక్క గొంతెత్తి, "నేను రానని మీరే చెప్పండి సార్, ఆయ్! నా చేతులు ఖాళీ లేవు" అంది. నేను డ్రైవరు దగ్గరకెళ్లి, "ఆవిడ రాదు" అన్నాను. ఇంకా ఏదో వివరిద్దామని నోరు తెరిచాను గానీ, చెప్పాల్సింది అయిపోయింది. వ్యాను వెళ్లిపోయింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గ్లాసుడు పాలు నా చేతికిచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగితే, పాలు వేడిగా ఉన్నాయన్నాను. అప్పుడే పితికిన పాలు అంత వేడిగా ఉండవని ఆవిడకీ తెలుసు.

ఇప్పుడు నా జుట్టూ పలచబడింది, మాటలూ పలచబడ్డాయి. అయినా ఏ ఊరి గట్టు మీద గేదె ఎదురైనా, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, "ప్రియమైన అక్కచెల్లెళ్లారా" అని మెల్లిగా అని చూస్తాను. ఇంతవరకూ ఒక్కటీ చెవి తిప్పలేదు.