టవర్ పరీక్ష పెట్టిన మాస్టారు

కంప్యూటర్లో విమానాలు నడిపే మా ఆన్‌లైన్ బృందంలో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ కావాలంటే ముందు నేల మీద తిరిగే విమానాలను చూసుకునే గ్రౌండ్ పరీక్ష, తర్వాత రన్‌వే మీద ఎక్కేవీ దిగేవీ చూసుకునే టవర్ పరీక్ష నెగ్గాలి. పరీక్షలు పెట్టేది, మేమంతా మాస్టారని పిలిచే ఆకివీడు చేపల చెరువుల ఆసామి. ఫెయిల్ చేసేటప్పుడు మెత్తగా నవ్వేవాడు.

తాడేపల్లిగూడెం టీచరమ్మ ఏడాదిగా టవర్ కోసం కష్టపడింది. పరీక్షలో ఒక విమానాన్ని ఆయనే నడుపుతూ, ఆవిడ ఆగమన్నా ఆగకుండా, దిగుతున్న విమానానికి ఎదురుగా రన్‌వే మీదికి తోలాడు. అదే లైన్లో ఉన్న నేను దూరం, వేగం లెక్కేసి చూశాను. ఆవిడ చెప్పినట్టు ఆయన ఆగివుంటే ఏ ప్రమాదమూ ఉండేది కాదు.

"గుద్దేసుకున్నాయి కదండీ. ఫెయిలండీ," అని నవ్వాడు.

"ఆగమన్నాను కదా మాస్టారూ! నిజం విమానమైతే అలాగే తోలేస్తారాండీ?"

"ఇందులో మనుషులెవరూ లేరు కదండీ."

"నేనున్నానండీ," అని ఆవిడ లైన్లోంచి వెళ్లిపోయింది.

"తర్వాతెవరండీ?" అన్నాడాయన, అదే నవ్వుతో.