సోమవారం నేను పట్టుకున్న అబద్ధం

ఒక ఆడమనిషి తన శని, ఆదివారాల గురించి చెప్పుకున్న నాలుగు మాటలు అబద్ధమని పదిహేను మంది ముందు బయటపెట్టాను. ఆమె క్లాసుకు రావడం మానేసింది. చెప్పుకోవడానికి నా దగ్గర సాకు లేదు.

క్లాసంటే స్పానిష్ క్లాసు. నాంపల్లిలో ఒక మందుల దుకాణం మీది గదిలో, సోమ గురువారాల సాయంత్రాలు. డెబ్బై దాటినవాడికి స్పానిష్ ఎందుకని చుట్టాలు నవ్వారు. నవ్వనీ. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా అబిడ్స్‌లో ఆదివారం నాడు, మూసిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరుకున్నదే. స్పానిష్ పుస్తకం కూడా అక్కడే దొరికింది. మొదటి పాఠాలు సొంతంగా చదివేసుకున్నాను కాబట్టి క్లాసుకు మొదటి నాలుగు రోజులు వెళ్లలేదు. అక్కడే దెబ్బతిన్నాను.

ప్రతి సోమవారం టీచరమ్మ ఒక్కొక్కరినీ లేపి, వారాంతంలో ఏం చేశారో స్పానిష్‌లో చెప్పమనేది. నేను ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. శనివారం పేపరు చదివాను, బట్టలుతుక్కున్నాను, ఆదివారం పుస్తకాలు కొన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే ఒక కుర్రాడు వారం వారం గోవా వెళ్లొచ్చేవాడు. కిటికీ పక్కన కూర్చునే ఒకామె, నలభై ఏళ్లుంటాయేమో, నెమ్మదిగా, ఒక్క తప్పు లేకుండా మాట్లాడేది. ఒకసారి ఖైరతాబాద్‌లో ఆడబిడ్డ ఇంటికి వెళ్లింది. ఇంకోసారి మొజంజాహీ మార్కెట్‌లో పిల్లలతో ఐస్‌క్రీం తిన్నది. ఆ సోమవారం, నిన్న ఆలస్యంగా నిద్రలేచి, మధ్యాహ్నం భర్తతో కలిసి సినిమాకు వెళ్లానంది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే ఆమెను నేను చూశాను. అబిడ్స్‌లో మూసిన చెప్పుల దుకాణం ముందు, టార్పాలిన్ మీద పుస్తకాలు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని డిగ్రీ గైడ్లు సర్దుతోంది. ఆమె నన్ను చూడలేదు.

"ఎస్ మెంతీరా," అన్నాను. అబద్ధం, అని.

టీచరుకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. టీచరు నవ్వేసి పక్కవాణ్ణి లేపబోయింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. ముప్పై ఏళ్లు తప్పులు పట్టి బతికిన చెయ్యి ఊరుకుంటుందా! లేచి నిలబడి, తెలుగులో చెప్పాను.

"ఐతారం నాడు ఈమె సినిమాకు పోలే. అబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద పాత బుక్కులు అమ్ముతుండె. నా కండ్లతోటి చూసిన."

గోవా కుర్రాడు వెనక్కి తిరిగాడు. "ఏందక్కా, గట్లయితే మాకేమన్న డిస్కౌంట్ ఇస్తవా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. "ఔ, అమ్ముత," అని కూర్చుంది. గంట పూర్తయ్యేదాకా కూర్చునే ఉంది. గురువారం రాలేదు. మళ్లీ సోమవారం రాలేదు.

ఆ సోమవారం మెట్ల మీద టీచరమ్మ నన్ను ఆపింది. "సార్, మీరు మొదటి రోజు రాలేదు గద?"

"ఆ పాఠాలు నాకొచ్చు."

"పాఠం గాదు సార్. ఫస్ట్ రోజే చెప్పిన, వారాంతం నిజమే చెప్పాలని లేదు, ఇంట్ల సంగతులు చెప్పబుద్ధి కానోళ్లు కల్పించి చెప్పుండ్రని. అందరు కల్పించేటోళ్లే. ఆ పిలగాడు వారం వారం గోవా పోతున్నడంటే నమ్మిన్రా మీరు?"

నమ్మాను. ఎందుకు నమ్మానో మెట్లు దిగుతుంటే తెలిసింది. వాడి చొక్కాకు ఇస్త్రీ ఉంది.

టీచరమ్మ ఇంకో మాట కూడా అంది. పది రోజుల్లో పరీక్ష. పాసైతే ఆ కిటికీ పక్కన కూర్చునే ఆమెకు ఒక కంపెనీలో ఫోన్లలో స్పానిష్ మాట్లాడే ఉద్యోగం ఉంది. క్లాసు మొత్తంలో ఆ భాషతో నిజంగా అవసరం ఉన్నది ఆమెకొక్కదానికే. "ఫోన్ చేస్తే ఎత్తుతలేదు సార్."

మా అచ్చాఫీసుకు ఒకసారి కొత్త మేనేజరు వచ్చి, అందరి ముందు "ఎంతవరకు చదివినవయ్యా నువ్వు?" అని అడిగాడు. ఏడు, అన్నాను. నవ్వారు. ఆ రోజు ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ మిషను పక్కన నిలబడి నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఒక్కరినీ క్షమించలేదు. అలాంటివాణ్ణి, నాకు చదువు చెప్పిన ఆ ఫుట్‌పాత్‌నే తిట్టుగా వాడాను. ఇంత చదివి నేర్చుకున్నది ఇదా?

పదిమందిలో చేసిన తప్పు పదిమందిలోనే ఒప్పుకోవాలని గురువారం క్లాసులో నిలబడి చెప్పాను. గోవా కుర్రాడే అన్నాడు, "తాతా, ఆమె లేదు గద ఈడ. మాకెందుకు చెప్తున్నవ్?" వాడి మీద కోపం వచ్చింది. కానీ వాడన్నది నిజం.

ఆదివారం అబిడ్స్ వెళ్లాను. అప్పటికి పరీక్ష నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఆమె తలెత్తి, అందరినీ అడిగినట్టే "ఏం గావాలె?" అంది. అటూ ఇటూ పుస్తకాలవాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకుని, వాళ్లకూ వినబడేలా చెప్పాను.

"అమ్మా, తప్పు నాది. నువ్వేం చెప్పుకుంటే నాకేంది? నేను లేచి గట్ల అనేది ఉండకుండె. నీ పని ఏమన్న సిగ్గుపడే పనా? సిగ్గు నాది. నేను రేపటినుంచి క్లాసుకు రాను. నువ్వు పో. పరీక్ష ఇడువకు."

ఆమె ఒక గైడు అట్ట మీది దుమ్ము చీర కొంగుతో తుడిచింది. పక్కన పెట్టింది. ఇంకొకటి తీసుకుని అదీ తుడిచింది. ఎవరో కాలేజీ పిల్ల వచ్చి ఏదో అడిగితే లేదని పంపించింది. అప్పుడు నా వైపు చూసింది.

"నేను సినిమాకు పోక ఎన్నేండ్లాయెనో నాకే యాదికి లేదు సార్. గా క్లాసుల చెప్పేటప్పుడు జరసేపు పోయొచ్చినట్లుండె. గంత గూడ మీరు ఓర్వకపోతిరి. పరీక్ష నేను రాస్త, మీరు చెప్పిన్రని గాదు. మీరు గూడ రాండ్రి, మానేసి నా మీద పెట్టకుండ్రి. కానీ నేను లేచి మాట్లాడినప్పుడు నా దిక్కు జూడకుండ్రి. ఇగ జర జరుగుండ్రి, గిరాకీలకు అడ్డమున్నరు."