అక్క ఇచ్చిన యూరియా

మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేనొక్కణ్ణే ఉంటాను. ఏడేళ్లుగా తెమలని నా పీహెచ్‌డీ పని అప్పుడు మొదలవుతుంది. అల్యూమినియం నైట్రేట్‌నూ యూరియానూ నీళ్లలో కరిగించి వేడి కొలిమిలో పెడితే, అది మరిగి, పొంగి, తనంతట తానే అంటుకుంటుంది. నిమిషం మంట. చల్లారాక గిన్నె నిండా పేలాలంత తేలికైన తెల్లటి పొడి. గట్టి సిరామిక్ వస్తువులకు అదే ముడిసరుకు. ఆ మంట ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఇటొచ్చి చూడమని పిలవడానికే ఎవరూ లేరు.

ఆ మంట గురించి అడిగేది కొడకండ్లలో వ్యవసాయం చేసే మా అక్క ఒక్కతే. "మైసూర్‌పాక్ లెక్క పొంగుతదా తమ్మీ?" అనేది. "నీకర్థం కాదులే అక్కా" అనేవాణ్ణి.

సోమవారం గైడ్ సార్‌కు తెల్లపొడి చూపిస్తేనే నా గడువు పెంచమని ఆయన సంతకం పెడతారు. శుక్రవారం చూస్తే ల్యాబ్‌లో యూరియా సీసా ఖాళీ. అక్క ఇంట్లో బస్తా ఉంది కదా అనుకున్నాను. ఆ బస్తా కోసం ఆమె తెల్లారకముందే ఎరువుల దుకాణానికి పోయి, లైన్లో చెప్పులు పెట్టి, మధ్యాహ్నం దాకా వాటి పక్కనే కూర్చుంది. శనివారం నేను వెళ్తే డబ్బా నిండా పోసింది. గుప్పెడు తీసి వాసన చూసి, నా ముఖం చూసింది. మూత బిగించి డబ్బా నా చేతికిచ్చింది.

ఆదివారం మంట లేచింది, పొగ కూడా బాగా లేచింది. గిన్నెలో పొడి బూడిద రంగులో ఉంది. డబ్బా మూత మళ్లీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే వేపనూనె వాసన. రైతుల యూరియాకు వేపనూనె పూస్తారని మా దగ్గర ఎవరికి తెలియదు? అదే మసై పొడిలో కూర్చుంది. ఇంకా వేడిలో కాలిస్తే తెల్లబడేదే, మా పాత కొలిమికి అంత సత్తా లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

అక్కకు ఫోన్ చేశాను. "నల్లవడ్డదక్కా. వేపనూనె మసి."

"పోసేటప్పుడే అనుకున్న తమ్మీ, నూనె మండితే మసి రాదా అని. నువ్వు చదువుకున్నోనివి, నాకేం ఎర్క అని ఊకున్న."

గడువు పోయిందన్న బాధ ఆ మాటతో వెనక్కి పోయింది. నా పని గురించి ఆలోచించే ఒకే ఒక్క మనిషి నోరు నేనే మూయించాను.