కోత పండుగ వేలంలో మా చెల్లెలి ఈటె

మా చెల్లెలు జావెలిన్ విసిరి మొదట రాష్ట్రానికి, తర్వాత రైల్వేకు పతకాలు తెచ్చింది. ఆమె గురించి చెప్పేవాళ్లు డ్రిల్లు మాస్టారి కష్టాన్ని చెబుతారు, ఆమె భుజాన్ని చెబుతారు. మా చర్చిలో మాత్రం నా విశ్వాసం గురించి చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను. అది కూడా వినయమేననుకుంటారు.

మేము మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాయన ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. చెల్లెలు నడక నేర్చేలోపే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఉబ్బసం. బడి దుమ్ము పడదని నాయనే ఇంట్లో చదివించాడు. బైబిలు, ఎక్కాలు, మందు సీసాల మీది అక్షరాలు, ఇవే నా వాచకాలు. వీటన్నిటికంటే ఎక్కువగా నేర్పింది కృతజ్ఞత. ఊపిరాడినందుకు స్తోత్రం. కరెంటు పోతే, పోయేలోపు పాఠం అయిపోయినందుకు స్తోత్రం.

చెల్లెలికి ఇంత ఓపిక లేదు. ఆమె చేతికి ఏది దొరికినా గాలిలోకి పోయేది. వెదురు గడకు కమ్మరి చేత ఇనుప మొన పెట్టించుకుని ఆసుపత్రి వెనక మైదానంలో విసిరేది. మైదానం చివర గోడ. గోడ అవతల ప్రసూతి వార్డువాళ్లు గుడ్డలు ఆరేసుకునే చోటు. ఒకరోజు గడ గోడ దాటిపోయి తీగ మీది పసిబిడ్డ దుప్పట్లో గుచ్చుకుంది. నర్సమ్మ ఆ దుప్పటి పట్టుకుని వచ్చి, "ఏం మే, పుట్టినోళ్లను బతకనియ్యవా?" అంది.

ఆ రోజు నుంచి చెల్లెలి చెయ్యి వెనక్కి తగ్గింది. ఎంత వేగంగా పరుగెత్తినా చివరి క్షణంలో బిగుసుకునేది. "నీ చెయ్యి గోడను సూసి బెదురుతాండాది పాపా" అనేవాడు డ్రిల్లు మాస్టారు.

అయినా పుంగనూరులో జరిగిన జిల్లా పోటీల్లో ఆమే గెలిచింది. మాస్టారు బెంగుళూరులో తనకు తెలిసినవాళ్లను అడిగి, వాళ్లు వాడేసి పక్కన పెట్టిన అల్యూమినియం ఈటె ఒకటి తెప్పించి ఇచ్చాడు. అది పుంగనూరు దాకా వస్తే, అక్కడి నుంచి బస్సు టాపు మీద వేరుశనగ మూటల మధ్య కట్టి తెచ్చుకుంది.

"ఎవురి మీదికమ్మా దండు పోతాండావు?" అన్నాడట కండక్టరు.

"నీ మీదికేనన్నా, సిల్లర ఇయ్యకపోతే."

రాష్ట్ర జట్టు ఎంపిక మూడు వారాల్లో ఉంది. ఈలోగా నాలుగు రోజుల శిక్షణ కోసం ఆమె మళ్లీ పుంగనూరు వెళ్లింది. అక్కడ ఈటెలు ఇస్తారని తనది ఇంట్లో మూలకు ఆనించి పోయింది. ఆ ఆదివారమే మా చర్చిలో కోత పండుగ.

కోత పండుగంటే ఇంటికి వచ్చిన మొదటి ఫలం దేవునిది. మొదటి గుమ్మడికాయ, కోడి పెట్టిన మొదటి గుడ్డు, మొదటి కుంచెడు రాగులు తెచ్చి పీఠం ముందు పెడతాము. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఎవరి వస్తువును వాళ్లే పాడుకుని ఇంటికి తీసుకుపోవడం మర్యాద. మా గుమ్మడికాయను ప్రతి ఏడూ నాయన అట్లాగే తిరిగి తెచ్చేవాడు. అంటే ఇవ్వడమూ అవుతుంది, పులుసూ అవుతుంది.

ఆ ఏడు మా పెరట్లో గుమ్మడి తీగ ఎండిపోయింది. ఏమివ్వాలా అని చూస్తే మూలన ఈటె కనబడింది. మా ఇంటికి వచ్చిన మొదటి గెలుపు అదే కదా! నాకు కళ్లు చెమర్చాయి. రెండు చేతులతో ఎత్తుకుపోయి పీఠం ముందు, అరటి గెల పక్కన పెట్టాను. వేలంలో నాయన పాడుకుంటాడు, ఎట్లా పోయిందో అట్లా వస్తుంది అనుకున్నాను.

ప్రసంగం మధ్యలో ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి నాయనను పిలుచుకుపోయాడు. ఏదో ప్రమాదం, చాలామందికి కట్లు కట్టాలట. నేను ఒక్కదాన్నే మిగిలాను. పదిమందిలో ఆమేన్ కూడా గట్టిగా అనలేని దాన్ని. వేలంలో ఈటె వంతు వచ్చాక నోరు తెరవాలని మూడుసార్లు ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్న ఊపిరి లోపలే ఉండిపోయింది.

వెనక నుంచి ఒక పెద్ద గొంతు పాట పాడింది. రామకుప్పం పక్క రైతు. వాళ్లమ్మ కాలి పుండుతో ఆసుపత్రిలో ఉంది. నాయనే రోజూ కట్టు మార్చేవాడు. వేలం గోల విని చూద్దామని లోపలికి వచ్చాడట. ఇంకెవరికి కావాలి ఈటె? ఒక్క పాటకే అతని పేర వేలం కొట్టేశారు. ఆ రోజే తల్లిని డిశ్చార్జి చేయించుకుని, ఈటె భుజాన వేసుకుని ఊరికి బస్సెక్కేశాడు.

చెల్లెలు తిరిగొచ్చి మూల వైపు చూసింది. నేను చెప్పాను.

"యాల ఇచ్చినావక్కా?"

"మొదటిది దేవునిది కదా పాపా."

"దేవుడు ఎంపికకు పోతాండాడా?"

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

మరుసటి రోజు నాయన సెలవు పెట్టి మమ్మల్నిద్దరినీ రామకుప్పం వైపు పిలుచుకుపోయాడు. దారి పొడుగునా ఆమె కిటికీతోనే ఉంది. ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. రైతు రాగి చేనులో మంచె ఉంది. మంచె పక్కన ఈటె నిలువుగా పాతి ఉంది, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మొనకు నిమ్మకాయ గుచ్చి. నిజం చెప్పాలంటే, నేను పీఠం ముందు పెట్టినప్పటికంటే భక్తిగా ఉంది.

"నేను దొంగిలిచ్చింది కాదప్పా" అన్నాడు రైతు నాయనతో. "మీ దేవుని ముందర పాడుకోని తెచ్చుకున్నా. ఇది పాతినప్పటి నుంచి ఏనుగులు ఈ పక్క తొంగి సూడలే. కోత కాకముందే పీకి మీకిస్తే, అవి వచ్చి నన్నడగవా?"

"అడిగితే మా అక్కను సూపించు" అంది చెల్లెలు. "ఇచ్చేసింది ఆమె."

చేని గట్టున ఉన్న ఇంట్లో మంచం మీద కాలు చాపుకుని ఉన్న ముసలమ్మ కొడుక్కి తీర్పు చెప్పింది: "నా కాలు నిలబెట్టినాయన బిడ్డలు. పన్నెండు దినాల్లో కోత. అందాక ఈడే ఉండనీ. పగలు పాప ఇసురుకుంటాది, పొద్దు మునిగితే నువ్వు సేన్లో పాతుదువు. కోసినాక ఎత్తుకోని పోతారు."

నాయన మమ్మల్ని అక్కడ వదిలి డ్యూటీకి వెళ్లిపోయాడు.

రాగి చేను పక్కన వేరుశనగ పీకేసిన నేల ఖాళీగా ఉంది. మొదటి రోజు చెల్లెలు పొద్దున్నే బొట్లు తుడిచి విసిరింది. చెయ్యి ఎప్పటిలాగే బిగుసుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి విసరబోయి ఆగి, ఎదురుగా చూసింది. గోడ లేదు. నేల, నేల అవతల నేల, ఎక్కడో అడవి గీత. ఆరేసిన గుడ్డలు లేవు, నర్సమ్మ లేదు. ఈసారి ఈటె వెళ్లి వెళ్లి, ఇంక చాలని తానే అనుకున్నట్టు దిగింది.

దాన్ని తెచ్చే పని నాది. ఎవరూ చెప్పలేదు, తప్పు చేసినదాన్ని కాబట్టి నేనే పెట్టుకున్నాను. గెనెం గట్టు దాకా నడవాలంటే ఆయాసపడే నేను చేను పొడుగునా పోయి మొన పీక్కుని వచ్చేదాన్ని. ఆమె ఎంత బాగా విసిరితే నా శిక్ష అంత పొడుగయ్యేది. నేను మాత్రం ఇంకా పొడుగు కావాలనే ప్రార్థన చేసేదాన్ని. సాయంత్రం ముసలమ్మ ఈటెకు మళ్లీ పసుపు పూసేది, పొద్దున చెల్లెలు మళ్లీ తుడిచేది. ఇద్దరిలో ఎవరూ విసుక్కోలేదు.

తొమ్మిదో రోజు ఈటె తెచ్చి ఇస్తుంటే చెల్లెలు నా ముఖంలోకి చూసింది.

"రొప్పడం లేదే నువ్వు!"

ఎంపిక పోటీల్లో ఆమె మొదటి స్థానంలో వచ్చింది. ఈటె పిడికి చుట్టిన తాడులో పసుపు ఇంకా ఉంది. అదేమిటని పోటీ పెద్దలు అడిగితే, "ఏనుగుల కోసం సార్" అందట. 

ఆ వచ్చిన ఆదివారం అయ్యగారు నా మీద ప్రసంగం చేశారు. తనకున్న ఒక్కగానొక్కటి ఇచ్చేసిన సహోదరి అని. అది నాది కాదు. వేలంలో నోరు పెగల్లేదు, అంతే. లేచి ఆ మాట చెబుదామనుకున్నాను. దానికీ నోరు పెగల్లేదు.

తర్వాత ఆమె రైల్వే ఉద్యోగంలో చేరింది. దేశం చాలా తిరిగింది. ఎప్పుడు ఇంటికి వచ్చినా, కోత పండుగ నెలలో మాత్రం ఈటెను మా ఇంట్లో పెట్టేది కాదు. డ్రిల్లు మాస్టారి ఇంట్లో దించి వచ్చేది. నన్ను ఒక్క మాట అనలేదు. ఈటె ఎక్కడుందని నేనూ అడగలేదు.

పన్నెండేళ్లకు భుజం పాడైంది. ఇంక విసరకూడదన్నారు. కుప్పంలో ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. ఆ ఏడు కోత పండుగ ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చింది. చేతిలో చివరిసారి పోటీలో విసిరిన ఈటె. దాన్ని పాత మూలకే ఆనించి, "నీ ఇష్టం" అంది.

పొద్దున నేను రెండు చేతులతో ఎత్తుకుపోయి పీఠం ముందు పెట్టాను. ఆమె నా పక్కనే కూర్చుంది. వేలంలో ఈటె వంతు రాగానే మోచేత్తో పొడిచింది.

పాడాను. చర్చి గోడలు నా గొంతు వినడం అదే మొదటిసారి. ఎవరూ పోటీకి రాలేదు. అయినా భయమేసి మళ్లీ పాడాను, ఇంకా పైకి. మూడోసారి కూడా.

వేలం వేసే పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏందమ్మా, నీ పాట మీద నువ్వే పాడతాండావు?"

"పాడనీయన్నా" అంది చెల్లెలు. "పన్నెండేండ్లుగా లోపలే పెట్టుకోనుండాది."

స్తోత్రం. ఆ ఈటె ఇప్పుడు కుప్పంలో ఉంది, పిల్లలు విసురుతున్నారు.